కొండవాలు, కంప్యూటరు లెక్క, మన చెరువు



వర్షాకాలంలో మీలో చాలామంది ఫోనుకు ఒక కబురు వస్తూ వుంటుంది. “ఎగువన భారీ వర్షం. నదిలో నీరు పెరగవచ్చు. లోతట్టు ప్రాంతాలవారు జాగ్రత్తగా వుండవలెను” అని. అది చదివి కొందరు పశువుల్ని మెరకకు తోలుకుపోతారు. కొందరు “ఇలాటివి ఎన్ని రాలేదు!” అని ఫోను పక్కన పెడతారు. వారిదీ తప్పనలేము. ఒక్కొక్కసారి కబురు వచ్చినా నీరు రాదు. ఒక్కొక్కసారి కబురుకు ముందే నీరు వచ్చేస్తుంది. అందుచేత ఈ కబురు ఎక్కడ పుడుతుంది, దాన్ని ఎంతవరకు నమ్మాలి, దాన్ని సరిచెయ్యడానికి మనం చెయ్యగలిగింది ఏమైనా వుందా అన్న సంగతులు ఈ పూట చెప్పుకుందాం.

ఈ కబురు వెనక ఒక కంప్యూటరు లెక్క వుంటుంది. కొండమీద పడిన వానలో ఎంత భాగం నేలలో ఇంకుతుంది, ఎంత భాగం గెడ్డల్లో పడి పారుతుంది, పారిన నీరు ఎన్ని గంటలకు మన రేవుకు చేరుతుంది అని అది లెక్క కడుతుంది. ఈ కాడికి వాన ఒక ఎద్దయితే నేల రెండో ఎద్దు. వానను ఎంత సరిగా కొలిచినా, నేల ఎత్తుపల్లాలు తప్పుగా తెలిస్తే లెక్క చాలు తప్పుతుంది. మన పాతపట్నం వంటి చోట ఇది మరీ ముఖ్యం. ఎందుకంటే కొండా, పల్లమూ ఇక్కడ పక్కపక్కనే వున్నాయి.

మన నేలను ఒక్కసారి తలచుకోండి. పాతపట్నం మహేంద్రతనయ ఏటి ఒడ్డున వుంది. ఈ ఏరు ఒడిశాలోని గజపతి జిల్లాలో, మహేంద్రగిరి కొండల ప్రాంతంలో పుట్టి, పర్లాకిమిడి మీదుగా మన వైపు దిగి, గొట్టా బ్యారేజీకి ఎగువన వంశధారలో కలుస్తుంది. మహేంద్రగిరి శిఖరం ఎత్తు 1,501 మీటర్లు. సముద్రానికి అంత దగ్గరగా అంత ఎత్తు కొండ వుండడం అరుదు. ఇక వంశధార సంగతి వేరు. అది సుమారు 254 కిలోమీటర్లు నడిచి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ నదికి నీరు చేర్చే నేల, అనగా దాని పరీవాహక ప్రాంతం, సుమారు 10,830 చదరపు కిలోమీటర్లు. అందులో నాలుగింట మూడు వంతుల దాకా ఒడిశాలోనే వుంది. వాన అక్కడ పడుతుంది, నీరు ఇక్కడికి వస్తుంది. నీటికి సరిహద్దు రాయి లేదు గదా!

ఇప్పుడు వాలు ఏం చేస్తుందో చూడండి. ఇంట్లో ఒక చెంబెడు నీళ్లు రేకుల కప్పు మీద పొయ్యండి. మరో చెంబెడు వాకిట్లో పొయ్యండి. రేకు మీది నీరు రెప్పపాటులో చూరు దిగుతుంది. వాకిట్లో పోసినది నెమ్మదిగా పాకి, కొంత ఇంకి, మిగిలినది గుమ్మం దగ్గరకు చేరుతుంది. నీరు ఒకటే, నేల వేరు.

దీనికి అంకెలు కట్టినవారు వున్నారు. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో చిన్న చిన్న పరీవాహకాల కొలతలను ఆధారం చేసుకొని కిర్పిచ్ అనే ఇంజనీరు 1940లో ఒక సూత్రం ప్రకటించాడు. నీరు నడిచే దూరమూ, నేల వాలూ తెలిస్తే చివరి చుక్క ఎన్ని నిమిషాలకు దిగువకు చేరుతుందో ఆ సూత్రం చెబుతుంది. ఆ ప్రకారం, 100 మీటర్లకు 10 మీటర్లు దిగే కొండవాలు మీద నీరు ఒక కిలోమీటరు దూరాన్ని సుమారు 10 నిమిషాల్లో దాటుతుంది. 1,000 మీటర్లకు 1 మీటరు మాత్రమే దిగే పల్లంలో అదే కిలోమీటరుకు సుమారు 57 నిమిషాలు కావాలి. అంటే దాదాపు ఆరు రెట్లు. ఈ సూత్రం చిన్న పరీవాహకాలకే పనికివస్తుంది, పెద్ద నదికి వాడకూడదు. అయినా సంగతి తేటపడింది. కొండ నీరు గుంపుగా, ఒక్కసారిగా వస్తుంది. పల్లం నీరు వరుస కట్టి, ఆలస్యంగా వస్తుంది. గుంపుగా వచ్చేదే గట్లు తెంచుతుంది.

ఇక కంప్యూటరు మన నేలను ఎలా చూస్తుంది? దానికి కళ్లు లేవు, కాళ్లు లేవు. దానికి తెలిసింది ఎత్తుల పటం ఒక్కటే. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అనే అంతరిక్ష నౌక 11 రోజులు భూమి చుట్టూ తిరిగి, రాడారు సాయంతో భూమిలో చాలా భాగానికి ఎత్తులు కొలిచింది. 2005లో మన దేశం పంపిన కార్టోశాట్-1 ఉపగ్రహం తీసిన చిత్రాల నుంచి కూడా ఇటువంటి పటం తయారయింది. ఈ పటాల్లో నేల అంతా చదరంగపు బల్లలాగా గడులుగా వుంటుంది. ఒక్కొక్క గడికి ఒక్క ఎత్తు.

గడి ఎంత పెద్దదో మన కొలతలో చెప్పుకుందాం. 90 మీటర్ల గడి అంటే దాదాపు 2 ఎకరాలు. 30 మీటర్ల గడి అంటే సుమారు 22 సెంట్లు. ఆ రెండెకరాల్లో మీకు ఎన్ని మడులు, ఎన్ని గట్లు, ఎన్ని మెరకలు వున్నా కంప్యూటరుకు అంతా కలిపి ఒకటే అంకె. తర్వాత అది ప్రతి గడి దగ్గరా చుట్టూ వున్న ఎనిమిది గడులనూ చూసి, అందులో వాలు ఎక్కువగా వున్న వైపుకు నీటిని తోస్తుంది. ఆ గడి మరో గడికి తోస్తుంది. ఇలా ఏ గడిలోకి ఎన్ని గడుల నీరు వస్తుందో లెక్కపెడుతూ పోతే, ఎక్కువ గడుల నీరు చేరే చోటు గెడ్డ అవుతుంది, గెడ్డలు కలిస్తే ఏరు అవుతుంది. ఈ పద్ధతి 1980ల నుంచి వాడుకలో వుంది. కొండల్లో ఇది చక్కగా పనిచేస్తుంది. ఎందుకంటే అక్కడ వాలు స్పష్టంగా వుంటుంది.

దారి తెలిశాక, ఎంత నీరు పారుతుందన్నది రెండో లెక్క. దీనికి అమెరికా వ్యవసాయ శాఖలోని నేల సంరక్షణ విభాగంవారు 1950లలో చేసిన పద్ధతి నేటికీ చాలా చోట్ల వాడుతున్నారు. నేల రకాన్నీ, దానిమీద వున్న పంటనూ, నేలలో వున్న తడినీ బట్టి 100 వరకు ఒక అంకె ఇస్తారు. అంకె పెరిగినకొద్దీ ఇంకేది తగ్గి పారేది పెరుగుతుంది. ఉదాహరణకు 100 మిల్లీమీటర్ల వాన పడిందనుకోండి. అంకె 60 వున్న నేల మీద 19 మిల్లీమీటర్లు మాత్రమే పారుతుంది. అంకె 80 వుంటే 51 మిల్లీమీటర్లు పారుతుంది. చెట్టూ చేమా వున్న కొండ నున్నగా అయిపోతే కింద వున్న మనకు ఏం జరుగుతుందో ఇందులో వుంది. అయితే ఒక చిక్కు. ఈ అంకెలు మొదట కట్టినది ఎక్కువగా వాలు కొద్దిగా వున్న పొలాల కొలతల మీద. వాటిలో వాలుకు విడిగా చోటు లేదు. నిటారు కొండలకు అలాగే వాడితే పారే నీరు తక్కువగా లెక్క తేలుతుంది. అందుకని తర్వాతివారు వాలును బట్టి అంకెను సవరించే సూత్రాలు కట్టారు. ఆ సవరణ చేశారా, లేదా అన్నది లెక్క కట్టేవారిని అడగవలసిన మొదటి ప్రశ్న.

ఇంతవరకూ కంప్యూటరు గొప్పే చెప్పాను. ఇప్పుడు అది తప్పే చోట్లు చెబుతాను. మొదటిది నాకు తగిలిన దెబ్బే.

కొన్నేళ్ల కిందట, ఒక కార్యాలయంలో అచ్చువేసి ఇచ్చిన గెడ్డల పటం పట్టుకొని మా మండలంలో కొండకింద వున్న ఒక వూరికి వెళ్లాను. నవంబరు నెల, వరి కోసి పనలు పొలంలో వున్నాయి. వాన వస్తుందని కబురు. పటంలో నీలిగీత వూరికి పడమటి పొలాల మీదుగా పోయింది. పడమటి వీధి రైతులకు చెప్పి పనలు మెరకకు మోయించాను. తూర్పు వీధివారు అడిగితే, మీకు భయం లేదన్నాను. ఆ రాత్రి వాన కొట్టింది. పడమట చుక్క నీరు రాలేదు. నీరంతా తూర్పు పొలాల మీద పడింది. నాలుగు కుటుంబాల పనలు నానిపోయి, వారంలో మొలకలు వచ్చేశాయి.

మర్నాడు ఒక ముసలి రైతు నన్ను పిలిచి పటం చూపించమన్నాడు. నీలిగీత మీద వేలు పెట్టి, “బాబూ, ఇక్కడ మా పెద్దచెరువుంది గదా, ఇందులో ఏదీ?” అన్నాడు. నాకు నోట మాట రాలేదు. “కొండ నీరు చెరువులోకొస్తాది. చెరువు నిండితే పొర్లు తూర్పుకెల్తాది. మా తాతల నాటినుంచీ అంతే. మీ మిషను చెరువుని కప్పెట్టేసింది, నీల్లు మాత్రం తూర్పుకే ఎల్లాయి” అన్నాడు.

ఆయన మాట అక్షరాలా నిజమని తర్వాత తెలుసుకున్నాను. ఎత్తుల పటంలో చుట్టూ మెరక, మధ్య పల్లం వుంటే అందులో పడిన నీరు బయటికి పోలేక లెక్క ఆగిపోతుంది. అందుచేత లెక్క మొదలుపెట్టే ముందు అటువంటి గుంటలన్నిటినీ పొరపాటుగా ఎంచి పూడ్చెయ్యడం వాడుక. కొండదేశాల్లో ఆ గుంటలు చాలావరకు పటంలో వచ్చిన తప్పులే కావచ్చు. మన దగ్గర గుంట అంటే చెరువు, బంద, కోనేరు. పైగా రాడారుకు నీటి అడుగు కనిపించదు. ఫిబ్రవరిలో కొలిచినప్పుడు చెరువులో నీరు వుంటే, ఆ నీటి పైమట్టాన్నే నేలగా రాసుకుంది. మూడు నాలుగు మీటర్ల వెడల్పు చెరువుగట్టు గడిలో సగం కూడా నిండదు గనుక చుట్టూ వున్న పల్లంతో కలిసి కరిగిపోయింది. ఇలా చెరువు లోతూ పోయింది, గట్టూ పోయింది, పొర్లు దారీ పోయింది.

రెండవది, చదును నేల. 1,000 మీటర్లకు ఒక మీటరు దిగే పల్లంలో 90 మీటర్ల గడికీ, పక్క గడికీ తేడా 9 సెంటీమీటర్లు. కాని 2000 నాటి రాడారు పటంలో ఎత్తులు పూర్తి మీటర్లలో రాసివున్నాయి. కాబట్టి పది గడులు వరుసగా ఒకే ఎత్తు చూపించవచ్చు. నీటిని ఎటు తొయ్యాలో కంప్యూటరుకు పాలుపోదు. దానికితోడు చెట్లు. రాడారు కొమ్మల దగ్గరే కొంత తిరుగుముఖం పడుతుంది. దట్టమైన మామిడితోటో, జీడితోటో వుంటే అక్కడ కొన్ని మీటర్ల ఎత్తు మెట్ట వున్నట్లు పటంలో పడుతుంది. లేని మెట్టను చుట్టి నీరు పోతుందని లెక్క చెబుతుంది. హిరమండలం దిగువన వంశధార పల్లపు భూముల్లో ఈ జాగ్రత్త మరీ అవసరం.

మూడవది, మనిషి చేతిపని. మన రైలుకట్ట, రోడ్డుకట్ట, కాలువకట్ట నీటికి అడ్డుగోడలు. వాటి కింద కల్వర్టులు తలుపులు. గడి పెద్దదైతే గోడ కనిపించదు. గడి చిన్నదైతే గోడ కనిపిస్తుంది గాని తలుపు కనిపించదు. తలుపు వున్నా, దాని నోట్లో మట్టి, ముళ్లకంప నిండివుంటే ఆ సంగతి ఏ ఉపగ్రహమూ చెప్పదు. అలాగే కొండల్లో సవరలు రాళ్లు పేర్చి కట్టిన మడులు చూడండి. నిటారు వాలును మెట్లు మెట్లుగా కోసి, ప్రతి మెట్టు మీదా నీటిని ఆపి నడిపిస్తారు. పెద్ద గడిలో అదంతా ఒకే నున్నని వాలు.

పొలం గట్టును కూడా చిన్నచూపు చూడకండి. ఆరంగుళాల గట్టు గట్టిగా వున్న ఎకరం వరిమడి సుమారు 6 లక్షల లీటర్ల నీటిని ఆపగలదు. ఉభాల ముందు మడులు ఎండి వున్నప్పుడు వేల ఎకరాలు ఇలా పట్టుకుంటాయి గనుక ఏరు పెద్దగా పెరగదు. అక్టోబరులో మడులూ, చెరువులూ నిండి వుంటాయి. నేల నాని వుంటుంది. ముఖ్యంగా కొండ పాదం దగ్గర, పైనుంచి ఊట దిగే పల్లాలు ముందుగా నానిపోతాయి. అక్కడ పడిన వాన ఇంకడానికి చోటు లేక నేరుగా పారిపోతుంది. ఈ సంగతిని ఇంగ్లండులో బెవెన్, కిర్క్‌బీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1979లో ఒక నమూనా లెక్కగా కట్టారు. అందులో పైనుంచి ఎంత నేల నీరు దిగుతుంది, ఆ చోట వాలు ఎంత అన్న రెండు కొలతలతోనే ఏ చోటు ముందు నానుతుందో తేలుస్తారు.

నాలుగవది, వాన కొలత. సముద్రపు గాలి కొండను ఎక్కేటప్పుడు చల్లబడి ఎక్కువ వాన కురుస్తుంది. మన వానకొలత పాత్రలు ఎక్కువగా వుండేది వూళ్లలో, పల్లంలో. వూళ్లో 60 మిల్లీమీటర్లు పడిన రోజున కొండమీద అంతకు రెట్టింపు పడవచ్చు. పల్లపు అంకెనే కొండంతటికీ పరిస్తే లెక్క నీరు తక్కువ, వచ్చే నీరు ఎక్కువ.

ఇవన్నీ కలిసిన రోజు ఎలా వుంటుందో మనకు తెలుసు. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరీ, జీడీ నేలకూలాయి. అందరి చూపూ గాలి మీదే వుంది. కాని ఆ మేఘం కొండలకు పోయి గజపతి జిల్లాలో కుండపోతగా కురిసింది. అక్కడ బారఘర గ్రామం దగ్గర కొండచరియ విరిగిపడి ప్రాణనష్టం జరిగింది. తర్వాత మహేంద్రతనయ, వంశధార పొంగి మన పొలాల మీదికి వచ్చాయి. గాలి పోయిందని గుండెలమీద చెయ్యి వేసుకున్నవారిని నీరు పట్టుకుంది. తుపాను తీరం దాటితే ప్రమాదం దాటినట్లు కాదని, కొండకింద వున్నవారికి అప్పుడే మొదలవుతుందని ఆనాడు నేర్చుకున్నాం.

ఆ తర్వాత పద్ధతులు మెరుగుపడ్డాయి. 2020 అక్టోబరులో భారత వాతావరణ శాఖ దక్షిణాసియా దేశాల కోసం ఆకస్మిక వరదల సూచన పద్ధతిని ప్రారంభించింది. అది చిన్న చిన్న పరీవాహకాల వారీగా 6 గంటల ముందు ప్రమాదాన్నీ, 24 గంటల ముందు అవకాశాన్నీ చెబుతుంది. వంశధార మీద కాశీనగర్ దగ్గర కేంద్ర జల సంఘంవారు నీటిమట్టం కొలుస్తారు. ఇవి మనకు కొండంత అండ. అయితే అండ అండే, మన కళ్లు మనవే.

ఇక చెయ్యవలసిన పనులు.

రైతులకు నా మనవి మూడు మాటలు. ఒకటి, మహేంద్రతనయకూ, వంశధారకూ ఒకే గడియారం పెట్టకండి. వంశధార దూరం నుంచి వచ్చే నది. ఎగువ మట్టం విని సర్దుకోవడానికి కొంత వ్యవధి ఇస్తుంది. మహేంద్రతనయా, కొండగెడ్డలూ వ్యవధి ఇవ్వవు. గజపతి కొండల్లో గట్టి వాన అని విన్న వెంటనే, మన మీద ఎండ కాస్తున్నా సరే, ఏటి ఒడ్డున వున్న మోటారునూ, పశువుల్నీ, పనలనూ కదిలించండి. రాత్రి పడే వానకు పగలే సర్దుకోండి. రెండు, మే నెలలోనే చెరువు పొర్లు దారి, కల్వర్టు నోరు శుభ్రం చేసుకోండి. మూడు, కబురు ఒకసారి తప్పిందని రెండోసారి పెడచెవిని పెట్టకండి. ఏరు దాటి మోసిన పన పోదు, మోసిన కష్టమే పోతుంది.

నా తోటి కార్యకర్తలకు చెప్పేది ఇది. పటం చేతికి వచ్చిన రోజున దాన్ని వూరి పెద్దల ముందు పరచండి. చెరువు ఎక్కడ, తూము ఎక్కడ, నిండితే పొర్లు ఎటు, ఏ కల్వర్టు పూడింది, ఏ గట్టు ఏ ఏడు తెగింది అని అడిగి, పటం మీద ఎర్రసిరాతో రాయండి. వరద తీశాక బడి గోడ మీదో, గుడి అరుగు మీదో నీరు ఎంత ఎత్తు వచ్చిందో గీత గీసి, తేదీ, గంట వెయ్యండి. ఆ గీతను మీటర్లలో కొలిచి పైకి పంపండి. నమూనా లెక్క కట్టే ఇంజనీర్లకు ఇంతకంటె విలువైన సరుకు లేదు. లెక్కలో తేలిన నీరు ఆ గీత దాకా వచ్చిందా, లేదా అని సరిపోల్చుకొనేటప్పుడే వారి లెక్క నిగ్గు తేలుతుంది. వంశధార పల్లంలో ఒక చెరువు చేరిస్తే, ఒక పొర్లు దారి సవరిస్తే, ఆ మేరకు మర్నాటి కబురు సరైన వీధికి చేరుతుంది.

నేను మళ్లీ ఆ వూరికి వెళ్లాను. ముసలి రైతుతో కలిసి చెరువుగట్టు చుట్టూ నడిచి, పొర్లు దారి గుర్తించి, పటం సరిచేశాం. తూర్పు వీధిలో నానిపోయిన పనలు తిరిగి రాలేదు. ఆ నాలుగు ఇళ్లముందు నుంచి వెళ్లినప్పుడల్లా నా తల వంగుతుంది. కాని ఆ తర్వాతి ఏడు వాన కబురు వచ్చినప్పుడు ముందుగా తట్టింది తూర్పు వీధి తలుపులే.

కంప్యూటరు కొండను బాగా చూస్తుంది. చెరువును మనం చూపించాలి. రెండూ కలిస్తేనే లెక్క పూర్తవుతుంది.